నలుచదరం ఖాళీ అయిన ఏడాది

2020 మార్చి 10, మంగళవారం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ వెర్నన్ అనే చిన్న ఊరు. అక్కడి స్కాజిట్ వ్యాలీ కొరాల్ అనే గాయక బృందం ఎప్పట్లాగే వారపు సాధనకి ఒక చర్చి హాల్లో కూడింది. వచ్చినవాళ్ళు 61 మంది. రెండున్నర గంటలు పాడుకున్నారు, మధ్యలో ఏవో చిరుతిళ్ళు తిన్నారు, కుర్చీలు సర్దేసి ఇళ్ళకి వెళ్ళిపోయారు. తర్వాతి రోజుల్లో వాళ్ళలో 53 మంది జబ్బుపడ్డారు. 33 మందికి పరీక్షలో కోవిడ్ అని తేలింది, మిగతా 20 మందికి లక్షణాలను బట్టి అదేనని లెక్కవేశారు. ఇద్దరు చనిపోయారు.

మే నెలలో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఈ సంఘటన మీద ఒక నివేదిక వేసింది. దగ్గరదగ్గరగా కూర్చోవడం, తిండి పంచుకోవడం, కుర్చీలు కలిసి సర్దడంతో పాటు అసలు పాడటమే వ్యాప్తికి దోహదం చేసి ఉంటుందని అందులో రాశారు. గొంతు ఎంత పెంచితే తుంపర్లు అంత ఎక్కువ. ప్రపంచంలో ఎక్కడెక్కడ మనుషులు కలిసి పాడుకుంటారో అక్కడందరికీ ఆ నివేదిక చేరింది. కలిసి పాడటం ఒక ప్రమాదం అయిపోయింది.

వేదిక మీద పాడే బృందాలకి దీని అర్థం కచేరీలు ఆగిపోవడం. బాధే, కానీ అర్థమయ్యే బాధ. వేదికా లేని, శ్రోతలూ లేని, రిహార్సలే లేని ఒక జానపద సంప్రదాయానికి దీని అర్థం ఏమిటి? అమెరికా దక్షిణాది పల్లెల్లో పుట్టిన 'సేక్రెడ్ హార్ప్' గానం అలాంటిది. ఆ పాటగాళ్ళు ఆ ఏడాది ఇంటర్నెట్‌లోకి ఎలా వెళ్ళారు, వెళ్ళినప్పుడు వాళ్ళ వెంట ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నదే ఈ వ్యాసం. చదివేకొద్దీ నాకు అది ఒక సంగీత చరిత్రలాగా, ఒక నెట్‌వర్క్ చరిత్రలాగా కూడా కనబడింది.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1801లో విలియం లిటిల్, విలియం స్మిత్ అనే ఇద్దరు 'ది ఈజీ ఇన్‌స్ట్రక్టర్' అని ఒక పాఠ్యపుస్తకం వేశారు. సంగీతం చదవడం రాని మామూలు జనానికి త్వరగా నేర్పడం దాని ఉద్దేశం. ఉపాయం చాలా సులువు. స్వరం పేరుని బట్టి ఆ గుర్తు తలకి ఒక ఆకారం ఇచ్చారు. ఫా అంటే త్రికోణం, సోల్ గుండ్రం, లా చతురస్రం, మి వజ్రాకారం. నాలుగు ఆకారాలు గుర్తుపడితే చాలు, ముందెప్పుడూ వినని పాటనైనా కాగితం చూసి పాడెయ్యొచ్చు. ఊరూరా తిరిగే పాటల పంతుళ్ళు ఈ పద్ధతిని మోసుకుపోయారు. 1844లో జార్జియా రాష్ట్రానికి చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ వైట్, ఇలైషా కింగ్ కలిసి అదే పద్ధతిలో 'ది సేక్రెడ్ హార్ప్' అనే పాటల పుస్తకం తెచ్చారు. పవిత్రమైన ఆ హార్ప్ మనిషి గొంతేనని పాటగాళ్ళు చెప్పుకుంటారు. వేరే వాద్యం ఏదీ ఉండదు.

కర్ణాటక సంగీతంలో గీతాలు నేర్చుకున్నవాళ్ళకి ఇందులో ఒక సంగతి బాగా తెలిసినట్టే ఉంటుంది. ముందు స్వరం, తర్వాత సాహిత్యం. సేక్రెడ్ హార్ప్‌లో కూడా ప్రతి పాటనీ ముందు ఫా-సోల్-లా అంటూ ఆకారాల పేర్లతో ఒకసారి పాడి, ఆ తర్వాతే మాటలు అందుకుంటారు. మనకి అది పిల్లల పాఠం దగ్గర ఆగిపోతుంది. వాళ్ళు ఎనభై ఏళ్ళు వచ్చినా అలాగే పాడతారు.

అందరూ కూర్చునే తీరు ఇంకా ముఖ్యం. నాలుగు గొంతులు: ట్రెబుల్, ఆల్టో, టెనర్, బేస్. నాలుగు వైపులా నాలుగు వర్గాలు, అందరూ లోపలికి తిరిగి, ఒకరికొకరు ఎదురెదురుగా. మధ్యలో ఖాళీ. దీన్ని 'హాలో స్క్వేర్' అంటారు, మనం ఖాళీ నలుచదరం అనుకోవచ్చు. ఒక్కొక్కరూ వంతులవారీగా ఆ ఖాళీలోకి వచ్చి, పుస్తకంలో ఫలానా పేజీ అని సంఖ్య చెప్పి, చేత్తో తాళం వేస్తూ ఆ పాట నడిపిస్తారు. పదేళ్ళ పిల్ల అయినా, ముప్ఫై ఏళ్ళుగా వస్తున్న పెద్దాయన అయినా వంతు వంతే. నాలుగు దిక్కులనుంచీ ధ్వని వచ్చి కలిసేది ఆ మధ్యలోనే. బయట కూర్చుంటే ఈ సంగీతం కొంచెం గరుగ్గా, అరుపులా అనిపిస్తుంది. ఇది బయటనుంచి వినడానికి కట్టింది కాదు. ఆలన్ లోమాక్స్ 1942లో ఒకసారి, 1959లో అలబామా రాష్ట్రంలోని ఫైఫ్ అనే ఊళ్ళో మరోసారి ఈ గానాన్ని రికార్డు చేశాడు. రెండోసారి స్టీరియో యంత్రం తీసుకెళ్ళాడు. ఆ రికార్డింగులు ఇయర్‌ఫోన్స్‌లో వింటుంటే ఒక వరసలో ఎవరిదో పక్కన మనకీ చోటు దొరికినట్టే ఉంటుంది.

ఇంకో సంగతి, ఇందులో నాలుగు గొంతులకీ దేని బాణీ దానికి ఉంటుంది. ఒకరు పాడితే మిగతావాళ్ళు వంత అందుకునే పద్ధతి కాదు. అలాగని ఆల్టో వరస ఒక్కటే విడిగా పాడితే అది పాటలా వినపడదు, సగం సంభాషణ ఫోన్లో విన్నట్టుంటుంది. ఈ ఒక్క లక్షణం 2020లో వీళ్ళ కష్టాన్ని నాలుగింతలు చేసింది. ఇంగ్లండ్ ఫోక్ క్లబ్బుల్లో ఒక్కొక్కరూ లేచి ఒక్కో పాట పాడతారు. పల్లవి దగ్గర అందరూ గొంతు కలపడం పోతే పోయింది, పాట మాత్రం జూమ్‌లో కూడా పాటలాగే వెళ్తుంది. సేక్రెడ్ హార్ప్‌లో ఒంటరి గొంతుకి వెళ్ళే దారే లేదు.

ఆ సరికి ఇది అలబామా, జార్జియాల సొత్తుగా మాత్రమే లేదు. 20వ శతాబ్దం చివరి దశకాల్లో ఉత్తరాది నగరాలకి పాకింది. 1996నుంచి బ్రిటన్‌లో, 2011నుంచి ఐర్లండ్‌లోని కార్క్‌లో వార్షిక సమావేశాలు జరుగుతున్నాయి. 2012లో పోలండ్‌లో శిక్షణ శిబిరం పెట్టారు. ఎక్కడికక్కడ ప్రతి వారమో, నెలకోసారో ఒక గది, కొన్ని కుర్చీలు, ఒక పుస్తకం. 2020 మార్చి మూడోవారం వచ్చేసరికి ఆ గదులు వరసగా మూతబడ్డాయి.

ఇక్కడ ఒక మామూలు ప్రశ్న రావాలి: అందరూ జూమ్‌లో కలిసి పాడుకోవచ్చు కదా? ఆ రోజుల్లో పుట్టినరోజు వీడియో కాల్‌లో 'హ్యాపీ బర్త్‌డే' పాడిన ప్రతివాళ్ళకీ జవాబు తెలుసు. ఒకళ్ళు ముందు, ఒకళ్ళు వెనక, మధ్యలో ఎవరిదో గొంతు మింగుడుపడిపోయి, చివరికి అందరూ నవ్వేసి ఆపేస్తారు. దీనికి రెండు కారణాలు. మొదటిది, ఆ సాఫ్ట్‌వేర్ మాటలకోసం కట్టింది. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే అందులో ఒకరిదే ప్రధానమని తేల్చుకుని రెండోవాళ్ళని తగ్గిస్తుంది. సాగదీసిన స్వరాన్ని ఫ్యాన్ మోత అనుకుని వడకట్టేస్తుంది. ఇవన్నీ సెట్టింగుల్లో కొంతవరకు ఆపుకోవచ్చు. రెండోది మాత్రం ఏ సెట్టింగుకీ లొంగదు. అది ఆలస్యం.

గాలిలో ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. అంటే గదిలో నా ఎదుటి వరసలో నాలుగు మీటర్ల దూరాన ఉన్నవాళ్ళ పాట నాకు దాదాపు 12 మిల్లీసెకన్ల తర్వాతే చేరుతుంది. మనకి అది తెలియను కూడా తెలియదు. 2004లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్, మైకేల్ గురెవిచ్ ఒక ప్రయోగం ఫలితాలు వెల్లడించారు. ఇద్దరిద్దరిని వేర్వేరు గదుల్లో పెట్టి, ఒకరి చప్పట్లు ఒకరికి వినిపిస్తూ, కలిసి తాళం వేయించారు. మధ్యలో కృత్రిమంగా ఆలస్యం కలిపారు. ఆలస్యం పెరిగేకొద్దీ తాళం నెమ్మదించింది, అది ఊహించిందే. విచిత్రం ఏమిటంటే ఆలస్యం మరీ తక్కువైతే ఇద్దరూ తెలియకుండానే వేగం పెంచేశారు. రెంటికీ మధ్య తాళం నిలకడగా ఉన్నది సుమారు 11.5 మిల్లీసెకన్ల దగ్గర. గాలిలో దాన్ని దూరంగా మారిస్తే నాలుగు మీటర్లకి కాస్త తక్కువ. ఒక చిన్న గదిలో నలుచదరం వేసి కూర్చుంటే ఎదురెదురు మనుషుల మధ్య ఉండే దూరం అటూఇటూగా అంతే. 19వ శతాబ్దంలో పాటల పంతుళ్ళు ఏ కొలతా లేకుండా కుర్చీలు ఎక్కడ వేశారో, ప్రయోగశాల అక్కడికే వచ్చి చేరడం చూస్తే నాకు ముచ్చటేసింది.

ఇప్పుడు వీడియో కాల్ సంగతి. అందులో ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటడం మామూలే. గాలిలో అది 34 మీటర్లు. అంటే ఫుట్‌బాల్ మైదానంలో మూడో వంతు దూరాన నిలబడ్డవాళ్ళతో గొంతు కలపడం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాదునుంచి అట్లాంటాకి నేరుగా కొలిచినా 14 వేల కిలోమీటర్లు. ఎంత మంచి ప్రోగ్రామర్ని పెట్టుకున్నా, ఎంత డబ్బు పోసినా, ఒకవైపు ప్రయాణానికే 70 మిల్లీసెకన్లు. ఉద్యోగంలో రోజూ ఎక్కడో ఒకచోట పది మిల్లీసెకన్లు తగ్గించే పనిలోనే ఉంటాను కాబట్టి చెబుతున్నా, ఈ గోడ మన కోడ్‌లో లేదు.

దీన్ని దాటడానికి 2020లో పాటగాళ్ళు తలా ఒక దారి పట్టారు. అందరికీ తెలిసిన దారి, ఎవరి వరస వాళ్ళు ఇంట్లో రికార్డు చేసి పంపితే ఎవరో ఒకరు కూర్చుని కలపడం. ఎరిక్ విటేకర్ 'వర్చువల్ కోయిర్' అలా 129 దేశాలనుంచి 17,572 మంది గొంతులు కలిపి ఒక పాట తెచ్చింది. చూడటానికి అద్భుతం. కానీ అందులో ఎవరూ ఎవరితోనూ పాడలేదు. చెవిలో మెట్రోనోమ్‌తో ఒంటరిగా పాడి, కూటమిని ఎడిటింగ్‌లో తయారుచేశారు. పైగా తయారైనది చూసేవాళ్ళ కోసం. శ్రోత అనే మనిషే లేని సంప్రదాయానికి అది పొసగదు.

రెండో దారి జామ్యులస్. వోల్కర్ ఫిషర్ అనే జర్మన్ ఇంజనీరు 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పద్నాలుగేళ్ళు కొద్దిమందికే తెలిసి ఉండి, 2020లో ఒక్కసారిగా వేలమంది చేతుల్లో పడింది. దీని పద్ధతి చిత్రంగా ఉంటుంది. అందరి గొంతులూ ఒక సర్వర్‌కి వెళ్ళి, కలిసి, మళ్ళీ అందరికీ వస్తాయి. అందులో మీ గొంతు కూడా ఉంటుంది, కాస్త ఆలస్యంగా. మీరు మీ నోటినుంచి వచ్చే పాటని పట్టించుకోకుండా, హెడ్‌ఫోన్‌లో తిరిగివచ్చే మీ పాటని బట్టి తాళం పట్టుకోవాలి. వైఫై పనికిరాదు, వైరు కావాలి. బ్లూటూత్ అసలు వద్దు. సర్వర్ కొన్ని వందల కిలోమీటర్లలోపు ఉండాలి. ఇన్నీ కుదిరితే, ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లలోపు ఉంటే, నిజంగానే కలిసి పాడొచ్చు. సేక్రెడ్ హార్ప్ వాళ్ళు కొందరు ఇళ్ళలో వైర్లు లాక్కుని వారం వారం అలాగే పాడుకున్నారు. కానీ దీనికి మంచి కనెక్షన్, ఓ మోస్తరు కంప్యూటరు, మైకు, కొంత సాంకేతిక ఓపిక ఉండాలి. ఎవరైనా రావచ్చు అన్న గదికి ఇవి కొత్త తలుపులు.

మూడో దారి అన్నిటికన్నా సాదాగా ఉంటుంది. ఎక్కువమంది వెళ్ళింది ఇందులోనే. జూమ్‌లో అందరూ చేరతారు. వంతు వచ్చినవాళ్ళు పేజీ సంఖ్య చెబుతారు. నిర్వాహకులు ఆ పాటకి పాత సమావేశంలో తీసిన రికార్డింగు పెడతారు. అందరూ మ్యూట్‌లో ఉండి, ఎవరింట్లో వాళ్ళు గొంతెత్తి పాడతారు. తెరమీద ఇరవై పెట్టెల్లో ఇరవై చేతులు తాళం వేస్తూ కనబడతాయి, ఒక్కటీ ఇంకోదానితో కలవదు.

2020 చివర్లో ఒక ఆదివారం రాత్రి నేనూ అలాంటి ఒకదాంట్లో చేరాను. వాళ్ళకి మధ్యాహ్నం. ఊరికే విందామని వచ్చానని చెబితే నిర్వాహకురాలు మర్యాదగా, ఇక్కడ వినేవాళ్ళు ఉండరండీ, మీ వంతుకి ఏ పేజీ కావాలో చూసి పెట్టుకోండి అంది. ఒక సంఖ్య చెప్పాను. ఎప్పుడో ఏళ్ళ క్రితం అలబామాలో తీసిన రికార్డింగు మొదలైంది. పాట అయ్యాక ఒకాయన మ్యూట్ తీసి, ఆ టెనర్ వరసలో ముందుగా వినబడే గొంతు మా నాన్నది, ఇప్పుడు లేడు అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాతి పేజీ సంఖ్య చెప్పారు.

ఆ ఏడాదే బాస్టన్ ప్రాంతపు ప్రోగ్రామర్లు కొందరు 'బకెట్ బ్రిగేడ్' అని ఒక ఉపాయం తయారుచేశారు. మంటలార్పేటప్పుడు జనం వరసగా నిలబడి బాల్చీలు అందించుకుంటారు చూడండి, అలాగ. పాడేవాళ్ళని ఒక వరసలో పెడతారు. మొదటివాళ్ళు ఎవరి గొంతూ వినకుండా పాడతారు. రెండోవాళ్ళకి మొదటివాళ్ళ గొంతు వినబడుతుంది, దానితో కలిపి పాడతారు. చివరివాళ్ళకి అందరూ వినబడతారు, కానీ వాళ్ళ గొంతు ముందున్న ఎవరికీ వినబడదు. ఆలస్యాన్ని జయించడం మానేసి, దాన్నే పద్ధతిగా మార్చుకోవడం ఇది. దీని గురించి చదివినప్పుడు నాకు ఆ ఆదివారం గుర్తొచ్చింది. పాత రికార్డింగుతో పాడటం కూడా ఇదే కదా! ముందున్నవాళ్ళు మనకి వినబడతారు, మనం వాళ్ళకి వినబడం. సంప్రదాయం అని మనం పిలిచేదాని నడక కూడా ఇదే. 1844లో అచ్చయిన పుస్తకం పట్టుకుని పాడేవాళ్ళు ఎప్పుడూ ఆ వరస చివరే నిలబడి ఉన్నారు. నలుచదరంలో కూర్చున్నంతకాలం ఆ సంగతి తెలియలేదు, ఎందుకంటే పక్కనున్నవాళ్ళు అంత గట్టిగా వినబడేవాళ్ళు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సేక్రెడ్ హార్ప్ పెద్ద సమావేశాల్లో 'మెమోరియల్ లెసన్' అని ఒక ఘట్టం ఉంటుంది. ఆ ఏడాది చనిపోయిన పాటగాళ్ళ పేర్లు చదివి వాళ్ళకోసం ఒక పాట పాడతారు. తర్వాత ఇంకో జాబితా చదువుతారు: జబ్బుతోనో, వయసుతోనో ఇల్లు కదలలేక రాలేకపోయినవాళ్ళు. వాళ్ళని 'షట్-ఇన్స్' అంటారు. వాళ్ళకోసమూ ఒక పాట. ఎంత మర్యాదగల ఆచారమో! కానీ ఆ జాబితా ఏం చెబుతోందో కూడా చూడాలి. ఈ కూటమికి ఒక గడప ఉంది, కొంతమంది దాన్ని ఇక దాటలేరు, వాళ్ళకి మనం చేయగలిగింది పేరు చదవడం.

2020లో అందరూ ఆ రెండో జాబితాలోకి వచ్చారు. అందరూ షట్-ఇన్సే అయినప్పుడు, ముందునుంచీ ఆ జాబితాలో ఉన్నవాళ్ళకి మొదటిసారి మిగతావాళ్ళతో సమానమైన చోటు దొరికింది. నేను చేరిన ఆ కూటమిలో ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో ఒక పెద్దావిడ ఉంది. ఆరేళ్ళుగా ఏ పాటకీ వెళ్ళలేదని చెప్పింది. తన వంతు వచ్చినప్పుడు పుస్తకం తెరవకుండానే పేజీ చెప్పి, మంచం మీదనుంచే చెయ్యెత్తి తాళం వేసింది. తాళం సరిగ్గా ఉంది.

2021నుంచి గదులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఒక్కోచోట ఒక్కో నియమం. మాస్కులు, టీకా కార్డులు, తెరిచిన కిటికీలు, చెట్ల కింద కుర్చీలు. నలుచదరం మళ్ళీ నిండింది. మొదటి పాట అందుకోగానే మళ్ళీ ఆ ధ్వని మధ్యలో నిలబడ్డవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారంటే అర్థం చేసుకోవచ్చు. పోయింది తిరిగొచ్చింది. మరి ఆ ఏడాదిన్నరలో వచ్చింది ఏమైంది?

కొన్ని ఆన్‌లైన్ కూటములు కొనసాగాయి. చాలాచోట్ల నిర్వహించేవాళ్ళకే తీరిక లేకపోయింది. ఇంకొన్నిచోట్ల ఇలాంటి సందర్భాల్లో ఎవరికైనా తోచే పరిష్కారం: గదిలో ఒక మూల ల్యాప్‌టాప్ పెట్టి, రాలేనివాళ్ళు చూస్తారులే అనుకోవడం. చూడటానికి ఉదారంగా ఉంటుంది. నా అభ్యంతరం దీనిమీదే. గదిలోని ధ్వని ల్యాప్‌టాప్ దాటి ఇంటికి చేరుతుంది, ఇంట్లోవాళ్ళ గొంతు గదికి చేరదు. చేరినా తాళం తప్పిస్తుంది కాబట్టి దాని స్పీకరు ఆపేస్తారు. వాళ్ళకి పేజీ అడగరు, వంతు రాదు. అంటే దాదాపు రెండు శతాబ్దాలు శ్రోత లేకుండా నడిచిన సంప్రదాయంలో ల్యాప్‌టాప్ మొదటిసారి శ్రోతని తయారుచేసింది. అదీ ఎవర్ని? రాలేనివాళ్ళనే.

జూమ్ కూటమిలో ధ్వని లేకపోయినా న్యాయం ఉంది. అందరూ సమానంగా మ్యూట్‌లో ఉన్నారు, అందరికీ వంతు వచ్చింది. అందుకే అది గది పాటకి నాసిరకం నకలు అంటే ఒప్పుకోలేను. రెండూ వేరువేరు కూటములు. ఒకటి వచ్చిందని రెండోది మూసెయ్యక్కర్లేదు. ల్యాప్‌టాప్ మూలన పెట్టే బదులు నెలకోసారి అందరూ, గదికి వెళ్ళగలిగినవాళ్ళతో సహా, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని పాడుకుంటే చాలు. ఖర్చు లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కావలసింది నడవగలిగినవాళ్ళు నెలకో ఆదివారం నడవకుండా ఉండటం.

ఈ సంప్రదాయానికి ఇంకో మంచి అలవాటు ఉంది. ప్రతి సమావేశానికీ మినిట్స్ రాస్తారు. ఎవరు ఏ పేజీ నడిపించారో పేరుతో సహా అచ్చువేస్తారు. మన ఊరి భజన మండళ్ళలో ఎవరు ఏ కీర్తన ఎత్తుకునేవారో మనవలదాకా గుర్తుంటే గొప్ప. వాళ్ళకి మాత్రం తాతల నాటి లెక్కలు కాగితం మీద ఉన్నాయి, 1995నుంచి వచ్చినవి కంప్యూటర్లో వెతుక్కోవచ్చు కూడా. 2025లో పుస్తకానికి కొత్త కూర్పు కూడా వచ్చింది, కొత్త పాటలతో. రేపు ఎవరైనా ఈ గానం చరిత్ర రాస్తే 2020ని ఒక ఖాళీగా, పాట ఆగిపోయిన ఏడాదిగా రాసే అవకాశం ఎక్కువ. ఇళ్ళలోంచి పేజీ సంఖ్యలు చెప్పినవాళ్ళ పేర్లు కూడా ఆ మినిట్స్‌లో చేరాలి. ఆక్సిజన్ గొట్టంతో తాళం వేసిన ఆవిడ పేరు జాబితాలో ఉండాల్సింది రాలేనివాళ్ళ కింద కాదు, పాట నడిపించినవాళ్ళ కింద.